అద్దాలాయన ఆకాశాన్ని దారి అడిగిన వైనం

మా వీధి మగవాళ్ళు దారి తప్పరని ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. అప్పుడప్పుడు వాళ్ళు వెళ్ళవలసిన ఊరు వాళ్ళు వెళ్ళిన చోట ఉండదు. అది ఊరి తప్పు.

ఈ సత్యానికి నిలువెత్తు నిదర్శనం మా కళ్ళజోళ్ళ దుకాణం యజమాని. ఆయన్ను అందరూ అద్దాలాయన అంటారు. గోడమీది అక్షరాలు కనబడనివాళ్ళకు కనబడేలా చేయడం ఆయన వృత్తి. రోడ్డు పక్కన ఊళ్ళ పేర్లు రాసిన బోర్డుల్ని చూడకపోవడం ఆయన వ్యక్తిత్వం. స్టీరింగు పట్టుకున్నప్పటి నుంచి ఆయన ఎవరినీ దారి అడిగి ఎరగరు. "అడిగితే చెబుతారు. చెబితే వినాలి. ఒకసారి వినడం మొదలుపెడితే ఇక దానికి అంతెక్కడ?" అని ఆయన వాదన. దీనికి మా వీధిలో ఏ మగవాడూ ఇంతవరకు జవాబు చెప్పలేకపోయాడు.

అలాంటి మనిషి బావమరిది పెళ్ళికి కారులో బయల్దేరి, చేరేసరికి పందిరి విప్పుతున్నారు. వంటవాళ్ళు గిన్నెలు తోముకుంటున్నారు. కొత్త దంపతులు వేరే ఊరికి రైలెక్కేశారు. పెళ్ళికొడుకు సొంత అక్క అయిన ఆయన భార్య, మిగిలిన ఒక్క గుంజను పట్టుకుని నిలబడి, అరవలేదు, ఏడవలేదు. ఒకే ఒక్క మాట అంది.

"ఇకమీదట మీరు దారి అడిగితేనే నేను మీ కారెక్కుతాను."

మరొకరైతే ఈ మాటకు అలిగేవారు. అద్దాలాయన దీర్ఘంగా ఆలోచించి, భార్య కోరికను అక్షరాలా మన్నించారు. దారి అడగాలంది గానీ మనుషుల్నే అడగాలని ఆమె అనలేదు. ఉపగ్రహాలను అడుగుదామని ఆయన నిశ్చయించారు.

అరచేతిలో ఇమిడే కంప్యూటరు, పామ్‌టాప్ అంటారే, అది ఆయన దగ్గర ముందే ఉంది. కళ్ళద్దాల కంపెనీవాళ్ళు ఇచ్చిన బహుమతి. బేరాలు లేనప్పుడు అందులో పేకాట ఆడుకునేవారు. దానిలోకి పటాలు ఎక్కించి, ఉపగ్రహాల కబురు అందుకునే జీపీఎస్ రిసీవర్ ఒకటి తెచ్చుకుంటే, మనం ఎక్కడున్నామో తెరమీద చుక్కలా కనబడుతుంది. ఎటు తిరగాలో ఒక గొంతు చెబుతుంది. ఆ రిసీవర్‌ను ఎంచుకోవడమే మిగిలింది.

ఎంపికలో మొదటి చిక్కు తోడల్లుడు. టైర్ల దుకాణం నడిపే ఆ తోడల్లుడు అప్పటికే ఒక రిసీవర్ కొని కారులో పెట్టుకున్నాడు. అయితే దానికి తీగ ఉంది. దారి చూపిస్తుంది, సరిగ్గానే చూపిస్తుంది, కానీ తీగ ఉంది. "తోక ఉన్నదాన్ని నా కారులోకి రానివ్వను" అని అద్దాలాయన ప్రకటించారు. తీగ లేనిదే కావాలి, అంటే బ్లూటూత్‌దే కావాలి. దీంతో కుటుంబ గౌరవం సాంకేతికంగా నిర్ణయమైపోయింది.

ఆ సాయంత్రం ఆయన వరండాలో వీధి పెద్దలు సమావేశమయ్యారు. పక్కింటి రిటైర్డ్ హెడ్‌క్లర్కు అధ్యక్షత వహించారు. కారు లేని కారణంగా ఆయనకు ఈ విషయంలో పక్షపాతం ఉండదని అందరూ ఒప్పుకున్నారు. ఆయన గొంతు సవరించుకుని, కూర్చున్నవాళ్ళు నలుగురే అయినా, లేచి నిలబడి మాట్లాడారు.

"సోదరులారా! తోడల్లుడుగారి పరికరం పన్నెండు ఉపగ్రహాలను పట్టుకుంటుందని విశ్వసనీయంగా తెలియవచ్చింది. మన వీధివారు అంతకు తక్కువ పట్టుకోవడం ఎంతమాత్రమూ వాంఛనీయం కాదు. మరొక సంగతి. దారి చూపే పరికరం తాను దారి చూపుతున్నట్టు పదిమందికీ కనబడాలి. కనుక దానికి నీలం దీపం ఉండి తీరాలి. దీపం లేకపోతే మనకు దారి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?"

కాఫీ తెచ్చిన అద్దాలాయన భార్య గ్లాసులు పెడుతూ, "మనిషిని అడిగితే తేలిపోయేదానికి ఆకాశాన్ని అడగాలా?" అంది. సమావేశం కాఫీ బాగుందని అభినందించి ముందుకు సాగింది.

రిసీవర్లు అమ్మే దుకాణంలో సేల్స్‌మన్ అగ్గిపెట్టెలంత నల్ల డబ్బాలు వరసగా పరిచాడు. అద్దాలాయన ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు. పుచ్చకాయకు పనికొచ్చిన పరీక్ష దీనికి మాత్రం ఎందుకు పనికిరాదు?

"ఇది తీసుకోండి సార్. ఇరవై ఉపగ్రహాలు పట్టుకుంటుంది" అన్నాడు సేల్స్‌మన్.

"ఒకేసారి అన్ని కనబడతాయా?"

"కనబడవు సార్. కనబడితే పట్టుకుంటుంది."

ఇంత నిజాయితీగల వ్యాపారి ఈ రోజుల్లో దొరకడని అద్దాలాయన దాన్నే కొన్నారు. దాంతోపాటు ఇచ్చిన పటాలు పాతవా కొత్తవా అని అడగలేదు. అడగడం ఆయనకు అలవాటు లేదని ముందే మనవి చేశాను.

మర్నాడు మేడమీద పరీక్ష జరిగింది. కొత్త రిసీవర్‌కు మొదటిసారి ఉపగ్రహాలు దొరకాలంటే ఆకాశం ధారాళంగా కనబడాలట. ఆకాశానికి అడ్డం వస్తున్నాయని దండెం మీది తడి బట్టలన్నీ తీయించారు. నీలం దీపం మిణుకు మిణుకుమంది. పామ్‌టాప్‌కూ దానికీ పొత్తు కుదిరింది. తెరమీద చుక్క వెలిసింది. అద్దాలాయన తన మేడమీద నిలబడి ఉండగా, తాను హెడ్‌క్లర్కుగారి వంటింట్లో ఉన్నట్టు అది నిర్ద్వంద్వంగా చూపించింది.

ఇలాంటి వాటిలో పది గజాలు అటూ ఇటూ తేడా రావడం మామూలేనని డబ్బాతో వచ్చిన పుస్తకంలో ఉంది. కానీ ఇరవై ఉపగ్రహాల మాట ముందు ఒక పుస్తకం మాట ఎంత? పక్కింటి వంటిల్లు తన స్థలంలో ఉందని అద్దాలాయన గోడ దగ్గరికి వెళ్ళి మర్యాదగా తెలియజేశారు. హెడ్‌క్లర్కు కోప్పడలేదు. ఆ డబ్బా తనకొకసారి ఇమ్మని అడిగి, తన పడకగదిలో పెట్టి చూసుకున్నారు. నడివీధిలో ఉన్నట్టు వచ్చింది. ఆయన రెండు రోజులు అన్నం సయించక తిరిగారు. చివరికి యంత్రంలో ఏ లోపమూ లేదనీ, ఇళ్ళే కట్టినప్పుడు కాస్త పక్కకు కట్టారనీ ఉభయులూ రాజీకి వచ్చారు.

ఇంతలో ఆ ఇంట్లో నిజమైన అవసరం వచ్చిపడింది. అద్దాలాయన కూతురు బస్టాండులో ప్రకటనలు చదివేది. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీద ఉందో ఆమె చెబితే, ఆ గోలలో కూడా ముసలివాళ్ళకు సైతం ఒక్కసారికే అర్థమయ్యేది. ఆమె గొంతు అంత బాగుందని అధికారులు గుర్తించి, ప్రకటనలన్నీ ఒకేసారి చదివించి రికార్డు చేసుకుని, గొంతును ఉంచుకుని మనిషిని పంపించేశారు. బస్టాండులో ఇప్పటికీ ఆమే పలుకుతుంది. జీతం మాత్రం పలకడం లేదు.

మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాక ఆమెకు ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. కార్లకు పటాలు తయారుచేసే కంపెనీ అది. అద్దాలాయన పామ్‌టాప్‌లో ఉన్నవీ వాళ్ళవే. అప్పటిదాకా వాళ్ళ పటాలు పరాయి భాషలోనే మాట్లాడుతున్నాయి. ఇక తెలుగులోనూ మాట్లాడిద్దామనుకుని గొంతు కోసం వెతుకుతున్నారు. పరీక్ష మర్నాడు ఉదయం ఒక్కపూటే. తను బస్సులో వెళ్ళివస్తానని కూతురు అంది.

అద్దాలాయన మనసు గాయపడింది. "బ్లూటూత్ ఉన్న ఇంట్లో పుట్టి బస్సెక్కుతావా?" అన్నారు.

తండ్రి మొహం చూసి కూతురు కాదనలేకపోయింది. కూతుర్ని ఒంటరిగా ఆ కారెక్కించడానికి మనసొప్పక, ఒట్టు గట్టున పెట్టి తల్లి కూడా ఎక్కింది.

ముందు సీటు పరికరాలకు కేటాయించినందువల్ల తల్లీ కూతుళ్ళు వెనక కూర్చున్నారు. ఊరు దాటగానే పామ్‌టాప్‌లోని పరభాషామణి ఎడమకు తిరగమంది.

"ఏమండీ, కంపెనీ పేరు రాసిన బాణం గుర్తు కుడివైపు ఉంది" అంది భార్య.

"బోర్డులు ఎవరు పడితే వాళ్ళు పాతుతారు" అన్నారు అద్దాలాయన, ఎడమకు తిప్పుతూ.

తారురోడ్డు కంకరరోడ్డయింది. కంకరరోడ్డు మట్టిరోడ్డయింది. "నాన్నా, వెనక్కి తిప్పు. టైమైపోతోంది" అని కూతురు రెండుసార్లు అంది. "పక్కన మాట్లాడితే ఆవిడ చెప్పేది వినబడదమ్మా" అని ఆయన సున్నితంగా మందలించారు. చివరికి ఒక గేటు ముందు పరభాషామణి, గమ్యం చేరుకున్నారని అభినందించింది. అది కోళ్ళఫారం.

అక్కడ అప్పటికే నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. నలుగురు తండ్రులో భర్తలో నాలుగు నల్లడబ్బాలు ఆకాశానికి ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి కనుక కంపెనీయే ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుందని వాళ్ళు ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు. అద్దాలాయన తన డబ్బా తీసి వారితో చేరారు. తనది ఇరవై పట్టుకుంటుందని చెప్పగానే వాళ్ళు గౌరవంగా చోటిచ్చారు.

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల్లి కారు దిగి, కోళ్ళకు నీళ్ళు పడుతున్న ఫారం యజమానురాలి దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, పటాల కంపెనీ ఎక్కడ?"

"ఇందాకటి మలుపులో కుడికి పోవాలి తల్లీ. రోజూ ఇంతే, అందరూ ఇక్కడికే వస్తారు. చెబుదామంటే నావంక చూస్తేగా? అందరూ పైకే చూస్తారు" అంది ఆమె. "మా గుడ్ల వ్యాను ఆ కంపెనీ క్యాంటీనుకే బయల్దేరుతోంది. ఎక్కండి."

"ఏమండీ, దారి తెలిసింది. వస్తారా?" అని భార్య కేకేసింది.

"ఒక్క నిమిషం! ఉపగ్రహాలు ఇంకా ఆలోచిస్తున్నాయి!"

వ్యాను కదిలింది. గుడ్ల ట్రేల పక్కన ఇరుక్కుని కూర్చున్న కూతురు, "నా పని అయిపోయిందమ్మా" అంది వెక్కుతూ. తల్లి ఆమె జుట్టులో చిక్కుకున్న కోడి ఈక తీసేసింది. "గొంతు పాడుచేసుకోకు. ఇవాళ మనింట్లో పనికొచ్చే యంత్రం అదొక్కటే."

కంపెనీలో డైరెక్టరుగారు గడియారం చూపించి, ఆలస్యం ఎందుకైందని అడిగారు.

"మీ పటం చూసుకుంటూ వచ్చామండీ" అంది కూతురు.

బల్ల వెనక ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గడియారాన్ని చొక్కా చేతి కిందికి తోసేసి, డైరెక్టరుగారు ఉద్యోగ ధర్మాలు వివరించారు. "ఈ పనికి తియ్యటి గొంతు ఒక్కటే చాలదమ్మా. మీరు కుడికి తిరగమంటారు. ఆయన ఎడమకు తిరుగుతాడు. మళ్ళీ చెప్పాలి. మళ్ళీ తిరగడు. ఎన్నిసార్లు వినకపోయినా గొంతులో కోపం రాకూడదు. నేను ముందే చెప్పాను కదా అని అనకూడదు. అలవాటు ఉందా?"

"నాకు పుట్టినప్పటి నుంచీ ఉందండీ" అంది కూతురు. "మా అమ్మకు పెళ్ళైనప్పటి నుంచీ ఉంది."

ఉద్యోగం అప్పటికప్పుడే ఇచ్చారు. తల్లీ కూతుళ్ళు బయటికొచ్చి, గేటు దగ్గర నవ్వీ నవ్వీ అలిసిపోయాక అద్దాలాయన కారు వచ్చింది. టైరు తెచ్చిన తోడల్లుడు ముందు సీట్లో ఉన్నాడు. కంకరలో టైరు పగిలితే, ఉపగ్రహాలేవీ దిగిరాలేదు పాపం. "చూశారా? కాస్త ముందూ వెనకా అయినా అది చేర్చి తీరింది" అన్నారు అద్దాలాయన గర్వంగా. నల్లడబ్బా వల్లే కూతురికి ఉద్యోగం వచ్చిందని ఆయన వీధంతా చెప్పారు. జాగ్రత్తగా ఆలోచిస్తే అది అబద్ధం కూడా కాదు.

తెలుగు పటం విడుదలైంది. మా వీధిలో కార్లున్న మగవాళ్ళంతా అది కొన్నారు. కారు లేని హెడ్‌క్లర్కు కూడా కొని, దాన్ని చేత్తో పట్టుకుని పార్కుకు నడుస్తున్నారు. అద్దాలాయన అయితే పూర్తిగా మారిపోయారు. ఆ గొంతు కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. "ఎంత స్పష్టత! ఎంత ఓర్పు! చెబితే ఇలా చెప్పాలి" అని మెచ్చుకుంటారు.

మొన్న ఆ కుటుంబం ఒక విందుకు బయల్దేరింది. నేనూ కారులో ఉన్నాను. కూడలి దగ్గర యంత్రంలోని కూతురు, కుడివైపు తిరగండి, అంది. వెనక సీట్లోని కూతురు ముందుకు వంగి, "నాన్నా, కుడికి వద్దు. ఆ రోడ్డు తవ్వేశారు, పొద్దున నేను చూశాను. ఎడమకు తిప్పు" అంది.

అద్దాలాయన చెయ్యెత్తి ఆమెను వారించారు.

"నువ్వు కాసేపు ఊరుకో తల్లీ. అమ్మాయి చెబుతోంది, విననీ."

గోతిలోంచి కారును పైకి లాగడానికి వీధివాళ్ళు చాలామంది సాయపడ్డారు. ఆ గుంపులో ఆడవాళ్ళు మాత్రం కూతుర్ని పక్కకు పిలిచి ఏవో గుసగుసలాడడం నా కంటపడింది. ఆ తరువాత ఆదివారాల్లో వాళ్ళు ఒక్కొక్కరుగా ఆమె దగ్గరికి వచ్చి, భర్త కారులో మోగించడానికి తలా ఒకటి రెండు వాక్యాలు రికార్డు చేయించుకు వెళుతున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ ఇంటి కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టకండి. అమ్మాయిని చదువుకోనివ్వండి. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని తెలుస్తోంది. ఒకాయన పదేళ్ళుగా వాయిదా వేస్తున్న కంటి పరీక్షకు యంత్రం చెప్పిన మర్నాడే వెళ్ళారు. భార్య కూడా ఆ మాటే అంటుండేది కదా అని డాక్టరు అడిగితే, "ఎప్పుడూ? నాతో అనలేదే!" అన్నారట.

ఇప్పుడు పక్క వీధుల నుంచి, ఇతర ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు. ఈ కథ చదువుతున్న వారి ఇళ్ళ నుంచి కూడా కొందరు వచ్చారని వినికిడి. ఎవరెవరన్నది చెప్పడం మర్యాద కాదు. ఏ వాక్యం రికార్డు చేయించుకున్నారన్నది మీరు ఎవరినీ అడగనక్కర లేదు. అది ఇంట్లో మీకు ఇప్పటికి చాలాసార్లు చెప్పారు.