నోరు తెరిచిన ఫోటో

రాష్ట్రంలోని పసిపిల్లలందరూ ఇకమీదట ప్రాసలోనే వికసిస్తారని మంత్రిగారు భువనగిరి సభలో ప్రకటించారు. చిన్నప్పుడు విన్న పాటలే మెదడుకు ఎరువని, ఆ ఎరువును ఇంతకాలం ఏ ప్రభుత్వమూ సరఫరా చేయలేదని, బాలగేయ మిషన్ పేరుతో తామే చేస్తామని అన్నారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారి మెదడు ఏ పాట విని ఇంతగా పెరిగిందో అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ చాలలేదు.

కేతేపల్లి దగ్గరి ఒక చిన్న ఊళ్లో అంగన్‌వాడీ టీచరు శోభ ఈ వార్త చదివి నిజంగానే సంతోషించింది. పాట పిల్లలకు ఏం చేస్తుందో ఆమె కళ్లారా చూసింది మరి. అక్కడ ఆయమ్మగా పనిచేసే జన్నత్ బీకి సబా అని ఒక మనవరాలు. నాలుగేళ్లు నిండవస్తున్నా పిల్లకు మాట రాలేదు. దవాఖానలో చూపిస్తే చెవులు బాగానే ఉన్నాయని, పిల్లతో ఎక్కువగా మాట్లాడమని చెప్పి పంపారు. మాట్లాడటం కన్నా పాడటం మేలనుకుంది జన్నత్ బీ. సబా అరచేతుల్ని తన అరచేతులతో తడుతూ, తానే కట్టిన పాట రోజూ పాడేది.

"జొన్నరొట్టె తట్టు తట్టు
పెనం మీద పెట్టు పెట్టు
కాకమ్మొస్తే..."

అక్కడ ఆగేది. "తిట్టు తిట్టు!" అని పిల్లలంతా అరిచేవారు. రెండు నెలలు గడిచాక ఒకరోజు, మిగతావాళ్లు నోరు తెరవకముందే, సబా "తిట్టు" అంది. శోభ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మొదటి మాటే తిట్టాయె టీచరమ్మా!" అని జన్నత్ బీ నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఆ తరువాతి వారమే మిషన్ స్పెషల్ ఆఫీసర్ బాలకృష్ణ జీపు దిగాడు. ఆయన వెంట ఆమోదిత గేయం వచ్చింది. దాన్ని పదకొండు మంది పెద్దల కమిటీ రాసింది. వయసు చాలనందువల్ల పిల్లలెవరికీ అందులో చోటు దొరకలేదు. ఆయన లేచి నిలబడి చదివాడు.

"శైశవ సమగ్ర వికాస సారథీ
సుపోషణ సుభాషణ వారధీ
మంత్రివర్యా, నీకిదే హారతీ!"

శోభ గేయం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సార్, ఇందుల కుక్క లేదు, పిల్లి లేదు. పిల్లలు దేన్ని చూసి నవ్వాలె?"

"మంత్రిగారున్నరు గదమ్మా."

"మరి మా రొట్టె పాట?"

"లిస్టుల లేదు. పైగా తిట్టు అనే పదముంది. నెగెటివ్ వొకాబులరీ. పెనం అంటే సేఫ్టీ ఇష్యూ."

"గా పాటతోనే గీ పిల్లకు మాటొచ్చింది సార్."

"ఏం మాటమ్మా?"

సబా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "తిట్టు" అంది. ఆయన ఆ విషయాన్ని ఫైల్లో రాసుకున్నాడు.

గేయంతోపాటు ఒక యాప్ కూడా వచ్చింది. పాడేటప్పుడు ఫోటో తీసి పెడితే, తెరిచి ఉన్న నోళ్లను అదే లెక్కపెట్టి హాజరు వేస్తుంది. మర్నాడు శోభ గేయం అందుకుంది. సారథి దగ్గర మొదలైన ఆవలింత వారధి దాటి, హారతి దగ్గరికి వచ్చేసరికి గదంతా పాకింది. నోరు మూసుకున్న పిల్లంటూ లేదు. యాప్ నూటికి నూరు వేసింది.

శోభకు సిగ్గనిపించి ఆఫీసరుకు ఫోన్ చేసింది. "సార్, గవి పాట పాడిన నోళ్లు కావు. ఆవలింతలు."

"యాప్‌ల ఆవలింతకు ఆప్షన్ లేదమ్మా," అన్నాడాయన సానుభూతిగా.

నెల తిరిగేసరికి ఆ కేంద్రం రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఎక్కడో దూరాన ఉన్న కొత్తకోట నుంచి కూడా టీచర్లు వచ్చి, ఇన్ని నోళ్లు ఎలా తెరిపించావని శోభను అడిగి వెళ్లారు. ఇంతటి నేల మీద బాలగేయ మహా పరిశోధన పీఠం వెలియకపోతే చరిత్ర క్షమించదని మంత్రిగారు గ్రహించారు. స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించారు. బాల్యం ఎంత సున్నితమైనదో గంటన్నరసేపు వివరించారు. పిల్లలు అంతసేపూ ఎండలో జెండాలు పట్టుకుని నిలబడ్డారు.

మర్నాడు, పీఠం కోసమని, అంగన్‌వాడీకి ఉన్న ఒక్క గదిలోకీ తివాచీ, ఏసీ, పొడవాటి బల్ల వచ్చాయి. చాపలు, పలకలు, బొమ్మలు అరుగు మీదికి వచ్చాయి. మధ్యాహ్నానికి అరుగు మీదికి చెప్పుల స్టాండు వచ్చింది.

శోభకు ఒళ్లు మండింది. అరవాలనిపించింది గానీ, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

"ఫికర్ చెయ్యకు టీచరమ్మా," అంది జన్నత్ బీ చాపలు చంకన పెట్టుకుంటూ. "ఎదురుంగ మా ఇంటి ముంగట జాగ ఉంది. పాండ్రి."

ఆ వాకిట్లో పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. శోభ ఫోను సంచిలో పడేసి చేతులు చాపింది. రొట్టెలు తట్టారు, పెనం మీద పెట్టారు, కాకమ్మను ఊరి పొలిమేర దాకా తరిమారు. సబా అందరికన్నా గట్టిగా, పాట మొత్తం, తప్పు లేకుండా పాడింది. జన్నత్ బీ గోడకు ఆనుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

అంతలో బాలకృష్ణ రోడ్డు దాటి ఆదరాబాదరా వచ్చాడు.

"అమ్మా, జర సైలెన్స్! లోపల మీటింగ్ నడుస్తాంది. ఢిల్లీ నుంచి ఎక్స్‌పర్ట్‌లొచ్చిన్రు. పిల్లలకు మాటలెట్ల నేర్పాల్నన్నదే ఎజెండా."

పాట ఆగిపోయింది. సబా శోభ ముఖంలోకి చూసింది.

"మరి గీ పిల్లల సంగతేంది సార్?" అంది శోభ.

ఆయన ఫైలు తెరిచాడు. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పాడు. చివరి పేజీ దగ్గర ఆయన ముఖం విప్పారింది.

"ఉన్నరమ్మా, ఉన్నరు. పిల్లలు సెకండ్ ఫేజ్‌ల ఉన్నరు."