ఐదో నంబరు ఉలవచారు

ఆ ఆదివారం హోసూరు నుంచి ఎనిమిదిన్నర బస్సుకు అత్తిముగం వెళ్లాలని జయలక్ష్మమ్మ నిశ్చయించుకుంది. అక్కడున్న ఆమె అన్న ఆంజినప్పతో మాటలు లేక ఆరేళ్లయింది. కారణం ఒక పైపు. బావి నుంచి టమాటా తోటకు నల్ల పైపు వేద్దామని అన్న, తెల్ల పీవీసీ పైపు చాలని చెల్లెలు వాదించుకున్నారు. చెల్లెలి మాటే నెగ్గింది. పూడ్చకుండా పైపైన పరిచిన ఆ పైపు రెండు ఎండాకాలాలకే పెళుసుబారి పగిలింది. తోట ఎండింది, మాటలూ ఎండిపోయాయి. ఇప్పుడు అన్న కొత్త పశువుల కొట్టం కట్టాడని విని, ఆమె పంతం వదిలి తెల్లవారుజామునే లేచి, వాళ్లమ్మ చేసే పద్ధతిలో ఉలవచారు కాచింది.

కాచినది తీసుకెళ్లడం ఎలా? మేడమీద అద్దెకున్న ప్రసాదును పిలిచింది.

"స్టీలు గిన్నెలో తీసుకపోతే కుదుపులకి సగం బస్సులోనే పోతాదప్పా. ప్లాస్టిక్కులో పోస్తే ఏమన్నా అవుతాదా?"

ప్రసాదు గుంటూరు వైపువాడు. హోసూరులో పెయింటు బకెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. ప్లాస్టిక్కు గురించి ఒక మనిషి తనంతట తానుగా అడగడం అతనికి అదే మొదటిసారి.

"అన్ని ప్లాస్టిక్కులూ ఒకటి కాదు పిన్నిగారూ! అడుగున మూడు బాణాల మధ్య నంబరు ఉంటుంది. ఒకటంటే మంచినీళ్ల సీసా, వేడి తగిలితే ముడుచుకుపోతుంది. రెండు పాలక్యాను, గట్టిది. నాలుగు క్యారీబ్యాగు, సాగుతుంది. ఆరు ఐస్‌క్రీమ్ కప్పు, చిటుక్కున విరుగుతుంది. మరిగే చారుకి మాత్రం ఐదే!"

ఇంత ఉపన్యాసంలో ఆమెకు గుర్తున్నది ఐదు ఒక్కటే. వంటింట్లో వెతికితే మంచినీళ్ల క్యాను మీద నీలం అక్షరాల్లో అంత లావున కనిపించింది: 5 లీటర్లు. మూడు గరిటెలు పోసేసరికి క్యాను నడుం విరిగి, మూతి వంకర తిరిగి, పొయ్యి గట్టు మీద కూలబడింది.

"ప్రసాదూ! నీ అయిదు చచ్చిపోతా ఉండాది, బిరీన రాప్పా!"

ప్రసాదు వచ్చి తల పట్టుకున్నాడు. బస్సుకు ఇరవై నిమిషాలే ఉంది. మేడమీదికి పరుగెత్తి, ఫ్యాక్టరీలో బొమ్మ అచ్చు వంకరగా పడిందని పక్కన పెట్టేస్తే తెచ్చుకున్న కొత్త పెయింటు బకెట్టు తీసుకొచ్చాడు. అది నిజమైన ఐదో నంబరు. శుభ్రంగా కడిగి, కుండలో మిగిలిన చారంతా పోసి, మూత బిగించాడు. అన్న ఏమంటాడోనన్న భయంతో ఆమె అతన్నీ తోడు రమ్మంది.

బస్సులో కండక్టరు బకెట్టు మీది బ్రష్షు బొమ్మ చూసి ఆగాడు.

"పెయింటు ఎక్కించకూడదు. దిగండి."

"పెయింటు కాదప్పా, ఉలవచారు."

"చారుకి బ్రష్షు బొమ్మ యాడన్నా ఉంటుందామ్మా? మూత తీయండి."

మూత రాలేదు. "రాదండీ," అన్నాడు ప్రసాదు గర్వంగా. "మేడమీంచి పడేసినా ఊడదు."

కండక్టరు బకెట్టుకు చెయ్యి ఆనించాడు. వేడిగా తగిలింది. రంగును ఎవరూ కాచుకోరని ఒప్పుకుని టికెట్లు కొట్టాడు.

అత్తిముగంలో ఆంజినప్ప పొలం నుంచి ఇంకా రాలేదు. వదిన మారక్క జయలక్ష్మమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ప్రసాదు బకెట్టును అరుగు మీద పెట్టి, మూత తీయడానికి పక్కింట్లో స్క్రూడ్రైవరు అడగడానికి వెళ్లాడు.

కొట్టం దగ్గర పెయింటరు సిద్దప్ప కాచుకుని ఉన్నాడు. తలుపుకు రంగు హోసూరు నుంచి వస్తుందని ఆంజినప్ప చెప్పి వెళ్లాడు. హోసూరు బస్సు వచ్చింది, అరుగు మీద బకెట్టు వచ్చింది. ఇరవై ఏళ్ల అనుభవంతో సిద్దప్ప ఒక్క ఉలితో మూత ఎత్తి, తన డబ్బాలోకి కొంత వంచుకుని, పని మొదలుపెట్టాడు.

ప్రసాదు స్క్రూడ్రైవరుతో తిరిగొచ్చేసరికి తలుపు ఒక రెక్క పూర్తయింది.

"అయ్యో, అది చారండీ!"

"అదే అనుకొంటా ఉండాను," అన్నాడు సిద్దప్ప బ్రష్షు దించకుండా. "ఈ కంపెనీ రంగు వాసన బాగుండాదే అని."

అదే సమయానికి ఆంజినప్ప ఎద్దుల్ని తోలుకొచ్చాడు. ఉలవల వాసన తగలగానే అవి పగ్గం లాక్కుని వెళ్లి తలుపును నాకసాగాయి.

"ఎవురప్పా తలుపుకి దాణా పూసింది?" అంటూ ఆయన మండిపడ్డాడు. గడప దాటి వచ్చిన జయలక్ష్మమ్మ అక్కడే కొయ్యబారింది. ఆయన ఆమెను చూడలేదు. తలుపు మీద వేలితో గీసి, నాలుక్కి రాసుకున్నాడు. మళ్లీ గీసి, మళ్లీ చప్పరించాడు.

"ఇది అమ్మ చారు," అన్నాడు చివరికి. "ఎవురు చేసిండేది?"

"నేనే అన్నా."

ఆరేళ్ల తర్వాత అన్న చెల్లెలి వైపు తిరిగాడు.

"ఉప్పు తగ్గింది."

"తలుపుకి ఆ మాత్రం చాలులే అన్నా," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

ఆంజినప్ప పగలబడి నవ్వాడు. "లోపలికి రామ్మా. ఇంకా ఉండాదా, అంతా పూసేసినాడా?"

బకెట్టులో ముప్పావు వంతు భద్రంగా, వేడిగానే ఉంది. ప్రసాదుకు ఆంజినప్ప తన పక్కనే ఆకు వేయించాడు. అతను ఐదో నంబరు గొప్పతనం చెబుతుంటే ఆయన చెల్లెలితో పాటు తలాడిస్తూ మూడుసార్లు చారు పోయించుకున్నాడు.

భోజనాలయ్యాక సిద్దప్ప వచ్చి, రెండో కోటుకు ఏమైనా మిగిలిందా అని అడిగాడు.