ఎంపీ గారింట్లో పంది లేదు

ఆ రోజు ఎంపీ గారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రాజధానిలో తనకిచ్చిన ఇంట్లో ఏడింటికి లేచి ప్రసంగాన్ని నాలుగుసార్లు చదువుకోవాలి, పదింటికి కారెక్కాలి, పదకొండింటికి పార్లమెంటులో లేచి మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ మూడు నిమిషాల కోసం ఆయన తొమ్మిది నెలలు ఎదురుచూశారు. ఈ తొమ్మిది నెలల్లో ఆయన సభలో నోరు తెరిచింది ఆవులించడానికేనని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్ల దగ్గర ఆ మాట ఆయనే అనేవారు.

విషయం అడవిపందులు. ఆయన నియోజకవర్గంలో అడవి అంచున ఉన్న ఊళ్లో ఒకావిడ ఉంది. ఊరంతా ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలుస్తుంది. ఆమెకున్నది ఎకరన్నర మొక్కజొన్న. పోయినేడు పంటంతా పందుల పాలైంది, అడ్డం వెళ్లిన అల్లుడి కాలు విరిగింది. ఈసారి కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఇంకో ఇరవై రోజులు నిలబడితే ఇల్లు గట్టెక్కుతుంది. "అటవీ శాఖ వాళ్లని కాపలా వేయిస్తాను పెద్దమ్మా. లేకపోతే నీకు మొహం చూపించను" అని ఎంపీ గారు మాటిచ్చేశారు. తన మొహం కనబడకపోతే ఎవరికీ వచ్చే నష్టం లేదని ఆయనకీ తెలుసు.

"ఎలా ఉంది?" అన్నారు ఒకసారి చదివి.

"కరెంటు బిల్లు చదివినట్టుంది" అంది భార్య, ఫోనులో నిమిషాలు చూస్తూ. "కాస్త కోపం రావాలండీ. పెద్దమ్మ పోయినేడు తన చేలో రికార్డు చేసి పంపింది ఉందిగా, అది పెట్టుకుని చదవండి. పందులైనా మీకు రోషం తెప్పిస్తాయేమో."

సలహా బాగుందనిపించి, ఆయన ఫోనును హాల్లోని పెద్ద స్పీకరుకు కలిపారు. చేలో పడ్డ పందుల గుంపు గుర్రుమంటూ, కీచుమంటూ, కంకులు పటపట నములుతూ ఇల్లంతా నిండిపోయింది. ఆ గోల మీదుగా ఎంపీ గారు, "ఇది మా బతుకుల మీద దాడి!" అని బల్ల గుద్దారు. బల్ల మీది గాజు గ్లాసులు కిందపడి పగిలాయి.

"ఇప్పుడు బాగుంది" అంది భార్య.

పక్కింట్లో రిటైరైన జడ్జిగారు ఉంటారు. జీవితమంతా సాక్ష్యాలు విన్న మనిషి. గుర్రుమనడం, గాజు పగలడం, దాడి అన్న కేక, ఈ మూడూ కలిపి క్షణంలో తీర్పు చెప్పేసి అటవీ శాఖకు ఫోన్ చేశారు. "పక్కింట్లో అడవిపంది దూరింది. ఎంపీ గారు ఒంటరిగా పోరాడుతున్నారు. ఆయన ఎక్కువసేపు నిలవరు."

ఎనిమిది నిమిషాల్లో జీపు వచ్చింది. వల, బోను, నిచ్చెనలతో ఆరుగురు దిగారు.

"పంది ఎక్కడ సార్?" అన్నాడు ముందు నడిచిన అధికారి.

"ఫోనులో."

"భయపడకండి సార్. మొదట్లో అందరూ ఇలాగే మాట్లాడతారు."

మంచాల కింద వెతికారు, బీరువా తెరిచారు, స్నానాల గదిలోకి వల విసిరారు. చివరికి ఎంపీ గారు రికార్డింగు మళ్లీ వినిపించాక అధికారికి సంగతి అర్థమైంది. అయినా కదల్లేదు. ఫిర్యాదు నమోదైంది కాబట్టి కాగితం మీద సంతకం కావాలన్నాడు.

"ఇందులో 'జంతువు దొరికింది', 'జంతువు పారిపోయింది' అని రెండే గడులున్నాయి. 'అసలు లేదు' అన్న గడి ఏదయ్యా?"

"అది వెయ్యలేదు సార్. ఇంతవరకూ అవసరం పడలేదు."

అప్పటికి పదిన్నర దాటింది. ఎంపీ గారు 'పారిపోయింది' దగ్గర టిక్కు పెట్టి, వచ్చేందుకు పట్టిన సమయం ఎనిమిది నిమిషాలు, పనితీరు చాలా బాగుంది అని రాసి సంతకం గీకి కారెక్కారు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టే ఆయన, ఇది మాత్రం చదివే పెట్టారు.

సభలో ఆయన వంతు వచ్చింది. ఇన్నాళ్ల తర్వాత గొంతు బాగానే లేచింది. "అధ్యక్షా, మా ఊళ్లలో చేలో పందులు పడ్డాయని ఫోన్ చేస్తే మూడు రోజులకైనా ఒక్కరు రారు" అన్నారు. అటువైపు వాళ్లు కూడా బల్లలు చరిచారు. ఇంతలో మంత్రిగారి చేతికి వెనక నుంచి ఒక కాగితం అందింది.

"సభ్యులవారి బాధ అర్థమైంది" అన్నారు మంత్రిగారు. "అయితే ఈ ఉదయం వారింట్లోకే పంది వచ్చిందట. మా సిబ్బంది ఎనిమిది నిమిషాల్లో చేరుకున్నారని, పనితీరు చాలా బాగుందని వారే సంతకం పెట్టారు."

సభంతా గొల్లున నవ్వింది. ఎంపీ గారికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పెద్దమ్మ గుర్తొచ్చింది. ప్రసంగం పక్కన పెట్టేశారు.

"నిజమే అధ్యక్షా, తెలివితక్కువ వాణ్ణి నేనే. మా ఇంట్లో పంది లేదు, ఆరుగురు వచ్చారు. పెద్దమ్మ చేలో పాతిక పందులు పడ్డాయి, ఒక్కరూ రాలేదు. ఆవిడ పంట కంటే నా బీరువా ఎందులో గొప్పదో మంత్రిగారే చెప్పాలి."

నవ్వులు ఆగిపోయాయి. మంత్రిగారు ఇబ్బందిగా లేచి, ఆ పెద్దమ్మ చేనుకు రేపటినుంచే శాశ్వత కాపలా వేస్తున్నామని ప్రకటించారు. ఎంపీ గారు బయటికి పరిగెత్తి ఆమెకు ఫోన్ చేశారు.

"నిజంగానేనా బాబూ? అయితే నేను రేపు కంటినిండా పడుకుంటాను" అంది పెద్దమ్మ. ఆయన కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే ఎంపీ గారి గేటు ముందు లారీ ఆగింది. ఆరుగురు కాపలావాళ్లు దిగి వాకిలి చుట్టూ కంచె పాతడం మొదలుపెట్టారు. ఫిర్యాదు నంబరు లేనిదే ఆఫీసులో ఆర్డరు కదలదట. పెద్దమ్మ చేసిన ఫోన్లు ఎవరూ నమోదు చెయ్యలేదు. ఎంపీ గారి పేరు మీద నంబరున్న ఫిర్యాదు ఒక్కటే ఉంది, దాని అడ్రసే ఆర్డరులోకి ఎక్కింది. మార్చమని ఆయన ఆరు ఉత్తరాలు రాశారు, నాలుగు ఆఫీసుల మెట్లెక్కారు. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చేలోపు పన్నెండో రోజున పందులు చేను చదును చేసేశాయి.

వారం తర్వాత పెద్దమ్మ రైలెక్కి రాజధానికి వచ్చింది. ఎంపీ గారు తలెత్తలేకపోయారు.

"తిట్టు పెద్దమ్మా. నాలుగు తిడితే నాకూ తేలిగ్గా ఉంటుంది."

"ఓపిక లేదు బాబూ" అని ఆమె అరుగు మీద కూలబడింది. కంచె చూసింది. దాని పొడుగునా తిరుగుతున్న ఆరుగురినీ చూసింది. "వీళ్లు ఎన్నాళ్లుంటారు?"

"శాశ్వతంగా. ఆర్డరు అలా ఉంది."

"నీళ్లకి లోటు లేదుగా?"

"లేదు."

"అయితే ఆ పూలకుండీలు తీయించు. ఈసారి మొక్కజొన్న ఇక్కడే వేస్తాను."

ఎంపీ గారు తన పదవీకాలంలో కాపాడిన పంట అదొక్కటే. అదీ నియోజకవర్గంలో లేదు.