కంచం పక్కన ఫోన్ ఉండాల్సిందే!

భోజనం చేసేటప్పుడు ఫోన్ అవతల పడెయ్యమనేవాళ్లు సంసారాలు కూల్చే రకం. ఈ మాట ఊరికే అనడం లేదు. మా వదిన ముక్కు సాక్షిగా అంటున్నాను.

అసలు రుచి అంటే ఏమిటనుకుంటున్నారు? అదో తగాదా! ఉప్పెక్కువైందని ఒకరు, కారం చాల్లేదని ఒకరు, మా అమ్మ చేస్తే ఇలా ఉండదని ఇంకొకరు. ఫోన్ వచ్చాక ఈ మాటలు ఏ ఇంట్లోనైనా వినబడుతున్నాయా? ఎడమ చెయ్యి తెర మీద, కుడి చెయ్యి కంచంలో, నోరు దాని దారిన అది. ఎంత ప్రశాంతత!

మా అన్నయ్య ఇల్లే తీసుకోండి. అన్నయ్య, కొడుకు, కూతురు, మా అమ్మ. నలుగురు మనుషులు, నాలుగు ఫోన్లు. అన్నయ్య సోఫాలోంచి టేబుల్ దాకా తలెత్తకుండా నడిచొస్తాడు. దారిలో బకెట్ ఉంటుంది, చెప్పులుంటాయి, దేనికి తగిలినా తూలి పడడు. చెవి లోపల నీళ్లు నిండిన గొట్టాలుంటాయట, ఒళ్లు ఎటు ఒరుగుతోందో అవే కనిపెడతాయట. ఆయన్ని నడిపించుకొచ్చేది అవే, మధ్యలో అన్నయ్య ప్రమేయం ఏమీ లేదు. పొగలు కక్కే కూరలో వేళ్లు పెట్టినా ఉలిక్కిపడడు. కాసేపటికి ఎవరో కబురు పంపినట్టు తీరిగ్గా చెయ్యి తీస్తాడు.

ఆమధ్య వదినకి జలుబు చేసింది. జలుబైతే పోయింది గానీ, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. సబ్బు, నిమ్మ తొక్క, కొడుకు సాక్సు... అన్నీ ఒకటే. సాక్సు సంగతి వరమే అనుకోండి.

కానీ వదిన గుండె జారిపోయింది. ఆవిడ చేతి వంటంటే చుట్టాలంతా చెవి కోసుకుంటారు. ఆ చెయ్యే పోతే? ఎవరికీ చెప్పుకోలేదు. కంచాలే చెబుతాయిలే అనుకుంది. కంచాలు ఖాళీగా వచ్చాయి. అమ్మయ్య అని గట్టిగా ఊపిరి పీల్చుకుంది, అందులో వాసన లేకపోయినా.

వంటింట్లో ఒకేలాంటి స్టీలు డబ్బాలు రెండున్నాయి. ఒకదాంట్లో మసాలా పొడి, ఇంకోదాంట్లో కాఫీ పొడి. మూత తీయగానే ఏది ఏదో ముక్కే చెప్పేది. ఇప్పుడు చెప్పే దిక్కు లేదుగా! ఒకరోజు అందరికీ వడ్డించి, ఆఖర్న తను కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంటే, చేదు! ముక్కు సెలవు పెట్టినా ఉప్పూ, పులుపూ, తీపీ, చేదూ నాలుక ఒక్కతే చూసుకోగలదు మరి.

వదిన బిత్తరపోయి తలెత్తింది. కొడుకు వేళ్లు నాకుతున్నాడు. మా అమ్మ మారు వడ్డించమని కంచం జరిపింది. కూర ఎలా ఉందని అడిగితే అన్నయ్య తెర మీంచి చూపు తిప్పకుండా బొటనవేలు పైకెత్తాడు.

మర్నాడు వదిన కాఫీ పొడి కావాలనే వేసింది. ఆ మర్నాడు ఇంకో చెంచా ఎక్కువ. ఒక్కళ్లయినా తిట్టకపోతారా అని రోజూ ఎదురుచూసింది. ఎంత అదృష్టవంతురాలో చూడండి, తిట్టే నాథుడే లేడు!

చివరికి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లింది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కుదేనని, నమిలేటప్పుడు వాసన గొంతు వెనక నుంచి ముక్కుకెక్కుతుందని, వదినకి మెల్లగా తిరిగొస్తుందని ఆయన ధైర్యం చెప్పాడు. వంటలో తేడా వచ్చిందని ఇంట్లో ఎవరూ అనలేదా అని అడిగాడు.

"మా ఇంట్లో నలుగురికీ నాకంటే ముందే పోయినట్టుంది డాక్టరుగారూ," అంది వదిన. "వాళ్లకి జలుబు కూడా చెయ్యలేదు."

కొన్నాళ్లకి, ఉల్లిపాయలు వేయిస్తుంటే వాసన తిరిగొచ్చింది. ముందు దొంగలా, తర్వాత చుట్టంలా. వదిన స్టవ్ దగ్గరే నిలబడి కళ్లు తుడుచుకుని, నేరం ఉల్లిపాయల మీదికి నెట్టేసింది. ఆ రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని, డబ్బా రెండుసార్లు వాసన చూసి మరీ కూర చేసింది. వడ్డించి, తనూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే నెట్ పోయింది.

నాలుగు తలలూ ఒక్కసారి లేచాయి. నాలుక, ముక్కు, చెవి, చర్మం ఏవి మొద్దుబారినా ఈ ఇంద్రియం మాత్రం ఎంత చురుగ్గా ఉందో చూశారా! అన్నయ్య ఏం చెయ్యాలో తోచక నోట్లో ఉన్నది నమిలాడు. నమిలి, మొహం చిట్లించాడు.

"ఇవాళ కూర తేడాగా ఉందేమిటోయ్? రోజూ చేసినట్టు లేదే."

నిన్నటిదే బాగుందని మా అమ్మ వంత పాడింది.

"తేడానే," అంది వదిన. "ఇవాళ మసాలా పొడి వేశాను."

చెప్పానా? నెట్ పోతే సంసారం ఎంతదాకా వస్తుందో! మరి ఇన్నాళ్లూ ఏం వేశావని అడగడానికి అన్నయ్య నోరు తెరిచాడు.

ఫోన్ టింగుమంది. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు.