లివర్ మెత్తగానే ఉంది

ఎనిమిదింటికల్లా పంజాగుట్టలో ఎమ్మారై స్కానింగ్ ముగించుకుని, పదింటికి అమీర్‌పేటలో కొత్త బ్యాచ్ మొదలుపెట్టించాలన్నది కోచింగ్ సెంటర్ మేనేజరు విజయేందర్ ఆలోచన. ఒక్కడే పోదామనుకున్నాడు. భార్య అనుపమ వెంట బయలుదేరింది. ఆమె వెంట ఆమె తండ్రి రాజనర్సయ్య బయలుదేరాడు. ఇక మందు ముట్టనని ఏడాది కిందట అల్లుడి చేత ఒట్టు వేయించుకున్నది ఆయనే.

"ఒంటి మీద లోహం ఏమీ ఉండకూడదు సర్," అంది టెక్నీషియన్ రాగసుధ. విజయేందర్ గడియారం, ఉంగరం, బెల్టు తీసిచ్చాడు.

"లివర్ ఎంత గట్టిపడిందో చూస్తామండి. పక్కటెముకల మీద ఈ బిళ్ల కడతాం, అది అదురుతుంది. ఆ అదురు లివర్లో ఎంత వేగంగా పోతే అంత గట్టిపడినట్టు. తర్వాత నరంలోకి మందు ఎక్కిస్తాం."

మందన్న మాటకే విజయేందర్ ఉలిక్కిపడ్డాడు.

"దాంతో లోపలున్నదంతా స్పష్టంగా కనిపిస్తుంది."

"అంతా అంటే... అంతానా మేడమ్?"

"అంతా."

యంత్రంలో పడుకోబెట్టారు. బిళ్ల డబడబా కొట్టుకుంటోంది. "గాలి వదిలి బిగబట్టండి" అని స్పీకర్లో వినపడిన ప్రతిసారీ మొన్నటి శనివారం గుర్తొచ్చి అతనికి ఊపిరి నిలవలేదు. మూడుసార్లు మళ్లీ తీయాల్సి వచ్చింది. నాలుగోసారి తెర మీద నడుము దగ్గర నల్లటి మచ్చ పడింది. రాగసుధ బయటున్న ఇద్దరినీ కంప్యూటర్ గదిలోకి పిలిచి, "సార్ ఒంటి మీద ఇంకేమైనా ఉందాండీ?" అని అడుగుతూనే మైకు నొక్కింది.

"సర్, మీరేదో దాచారు. ఇక్కడ నల్లగా కనిపిస్తోంది. నిజం చెప్పండి."

"శనివారం మేడమ్!" లోపలినుంచి గొంతు పగిలింది. "రెండే పెగ్గులు. బేగంపేటల. అంతకుముందు వారం సుత తాగిన. బ్యాచ్ ఉన్నదని ఇంట్ల అబద్ధం చెప్పిన. జర మా మామకు మాత్రం చెప్పకుండ్రి."

స్పీకర్లో అనుపమ గొంతు వినిపించింది. "ఎవరూ చెప్పే పని లేదు. ఈడ్నే నిలబడ్డడు."

"నేనడిగింది మీ నడుముకున్నదాని గురించి సర్," అంది రాగసుధ.

మొలతాడుకు రాగి తాయెత్తు ఉంది. మందు జోలికి పోకుండా రాజనర్సయ్యే కట్టించాడు. విజయేందర్ దాన్ని విప్పి ఇచ్చాడు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టమని అతనికి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

బయటికొచ్చి మూల కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. 'మా అల్లుడు ముట్టడు' అని ఆ పెద్దమనిషి ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమంది చుట్టాలకు చెప్పుకున్నాడో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. తిట్టినా బాగుండును. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు.

డాక్టర్ అచ్యుతరావు వచ్చి, "లివర్ మెత్తగానే ఉందండి. కాస్త కొవ్వుంది. ఇప్పుడు మానేస్తే భయం లేదు," అని చెప్పి వెళ్లాడు.

"మామా, తప్పయింది," అన్నాడు విజయేందర్, తలెత్తకుండానే.

రాజనర్సయ్య రాగసుధ దగ్గరికి నడిచాడు.

"అమ్మా, ఆ బిళ్ల నాకు సుత ఒకపారి కట్టరాదు?"

"మీకెందుకండీ?"

"శనివారాలు నాకు సుత ఉంటయి గద బిడ్డా."

"నాయినా!" అంటూ అనుపమ లేచి నిలబడింది.

రాజనర్సయ్య వచ్చి అల్లుడి పక్క కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు.