లోగన్ గుండెలో నిమ్మకాయ

ఆ ఉదయం వాసుదేవరావు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, గేటుకు వేలాడదీసిన బొమ్మను తీసుకుని అద్దె ఇంటివాళ్ళ లోగన్ నడిపే బక్కీ ఎక్కాలి. వెనక సామాన్ల తొట్టి ఉన్న ఆ బండి వెరులం ఊరి నుంచి డర్బన్ చేరితే, పదింటికి యూనివర్సిటీలో పాఠం చెప్పాలి. పాఠం కమిటీకి నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే నెలాఖరుకల్లా కాకినాడ. కాకినాడలో ఆయన కోసం ఎవరూ ఏ కుర్చీనీ ఖాళీగా ఉంచలేదు.

బొమ్మ అంటే బట్టల హ్యాంగర్లు సాగదీసి తను స్వయంగా వంచిన తీగ మెలిక. ప్రోటీన్లలో ఇలాంటి చిన్న చిన్న మెలికలుంటాయి. విద్యుదావేశం ఉన్న కాల్షియం పరమాణువు వచ్చి ఆ మెలిక నడుమ కూర్చుంటుంది, చుట్టూ ఏడు వైపుల నుంచి ఆక్సిజన్లు దాన్ని పట్టుకుంటాయి. ఆక్సిజన్‌కు ఎర్ర రంగు వెయ్యడం ఆ శాస్త్రంలో ఆనవాయితీ కనుక తీగ కొసలన్నిటికీ ఎర్ర రంగు పూశాడు. కాల్షియంగా పెట్టడానికి టెన్నిస్ బంతి పెద్దదయింది, గోళీ జారిపోయింది. అద్దె ఇంటి పెరట్లో కాసిన నిమ్మకాయ మాత్రం కొలత తీసి చేయించినట్టు పట్టింది. రంగు ఆరాలని దాన్ని వీధి గేటుకు తగిలించాడు.

ఎర్రగా రంగు కారుతున్న ఏడు కొసల మధ్య నిమ్మకాయ గేటుకు వేలాడుతుంటే చూసినవాళ్ళేమనుకుంటారో, గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఆయన కంటికది కాల్షియం.

స్నానం చేసి వచ్చేసరికి కాల్షియం లేదు. మెలిక నీరసంగా విచ్చుకుని వేలాడుతోంది.

"ఇందులో ఉన్నది ఎవరు తీశారు?" అని ఆయన పెట్టిన కేక పక్కింటిదాకా వినిపించింది.

వంటింటి మెట్టు మీద కూర్చున్న లోగన్ పళ్ళెం పైకెత్తి చూపించాడు. ఇంటి యజమానురాలు అంబీ ఆంటీకి అతను తమ్ముడు, భార్య బెరిల్‌తో వెనక గదుల్లో ఉంటాడు. "ఆ నిమ్మకాయా, ప్రొఫ్? నేనే. రాత్రి చేప మిగిలింది కదా, దాని మీద పిండినా. సారీ, మై బ్రదర్. ఫస్ట్ క్లాస్ ఉంది."

టీ కప్పుతో వస్తున్న అంబీ ఆంటీ అక్కడే నిలబడిపోయింది. తాతల నాడు చెరుకు తోటలకు వచ్చిన కుటుంబం వాళ్ళది. అసలైన మంత్రాలన్నీ ఓడ ఎక్కకుండా ఇండియాలోనే ఉండిపోయాయని ఆవిడ గట్టి నమ్మకం.

"ఓరి నీ మొగం మండ! ఇండియా నుంచి వచ్చినోడు గేటుకి కట్టింది నువ్వు తింటివా!" అని తమ్ముణ్ణి తిట్టి, గొంతు తగ్గించి అడిగింది. "బాబూ, నిజం సెప్పు. ఏంటికి కడితివి అది?"

పాఠం చెప్పే అవకాశం దొరికితే వదులుకునే మనిషి కాదు వాసుదేవరావు. "ఇది గుండెలో ఉంటుంది ఆంటీ."

"ఎవలి గుండిలో?"

"అందరి గుండెల్లోనూ. మీ గుండెలో, నా గుండెలో, లోగన్ గుండెలో."

"నడిమిన కాయ?"

"అది వచ్చి కూర్చుంటేనే గుండె ముడుచుకుంటుంది."

"తీసేస్తే?"

"తీసేస్తే ఇంకేముంది, వదులైపోతుంది. చూడండి, ఎలా వేలాడిపోయిందో."

"మల్లీ పెట్టకపోతే?" అన్నాడు లోగన్, పళ్ళెం మెల్లిగా కింద పెట్టి.

"ఆగిపోతుంది," అన్నాడు వాసుదేవరావు ఉత్సాహంగా.

ప్రతి మాటా అక్షర సత్యం. అయినా లోగన్ ఛాతీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళి సోఫాలో వెల్లకిలా ఎందుకు పడుకున్నాడో ఆయనకు బోధపడలేదు. లోగన్‌కు ప్రెషర్ ఉందనీ, గుండె జాగ్రత్త అని డాక్టరు పోయిన నెలలోనే చెప్పాడనీ ఆయన ఎరగడు.

"చేప ముల్లేమైనా గుచ్చుకుందా?" అని అడిగాడు.

"ఐ యామ్ ఫినిష్, ప్రొఫ్," అన్నాడు లోగన్ కళ్ళు మూసుకుని.

బెరిల్ బైబిలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి మొగుడి నెత్తి మీద చెయ్యి పెట్టింది. అంబీ ఆంటీ కాళ్ళ దగ్గర కర్పూరం వెలిగించింది.

"వదినా, ఆ పొగ ఆపు! నా ప్రేయర్‌కి దగ్గొస్తంది!"

"నీ ప్రేయర్ నెత్తికాడ సెయ్యి. నేను కాళ్ళకాడ సేస్తా."

వాసుదేవరావు గడియారం చూసుకున్నాడు. ఆయనకు బండి నడపడం రాదు, బస్సు కోసం నిలబడితే పది దాటుతుంది. ఇన్నాళ్ళ చాకిరీ ఒక్క చేప ముక్క పాలయ్యేలా ఉంది. ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి వెళ్ళి ఇంకో నిమ్మకాయ కోసి, గేటుకున్న మెలిక తెచ్చి, గుమ్మంలో నిలబడి అందులో బిగించాడు.

లోగన్ లేచి కూర్చున్నాడు.

"హల్లెలూయా!" అంది బెరిల్. కర్పూరం గుణమని అంబీ ఆంటీ అంది. దేని గుణమో లోగన్‌కు మాత్రం స్పష్టంగా తెలుసు. "ప్రొఫ్, నిన్ను డర్బన్ తీసుకపోతా. అది నా కళ్ళ ముందల ఉండాల. ఎవలూ ముట్టుకోవద్దు."

అలా బొమ్మ బక్కీ అద్దానికి వేలాడింది. దానికి కాపలాగా ఆడవాళ్ళిద్దరూ ముందు సీట్లో ఇరుక్కున్నారు. ఇస్త్రీ చొక్కాతో వాసుదేవరావు వెనక తొట్టిలో, ఉల్లిపాయల బస్తా పక్కన కూర్చుని, చెరుకు తోటల దుమ్మంతా మింగుతూ వెళ్ళాడు. బండి ఇవ్వమంటే కుటుంబమంతా ఎందుకు బయల్దేరిందో దారి పొడుగునా ఆలోచించినా అంతుబట్టలేదు.

హాల్లోకీ వచ్చేశారు ముగ్గురూ. ముందు వరసలో కూర్చున్నారు. కమిటీ పెద్ద ప్రొఫెసర్ వెలరీ కళ్ళజోడు సవరించుకుంది. "వీళ్ళెవరు, డాక్టర్ రావ్?"

"మా... ఇంటివాళ్ళు."

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త జెండా ఎగిరి అప్పటికి ఏడాదే. యూనివర్సిటీ తలుపులు జనానికి తెరవాలని మీటింగు తరవాత మీటింగు జరుగుతున్న రోజులు. జనమే స్వయంగా బక్కీ ఎక్కి వచ్చేసరికి ఆవిడ మురిసిపోయింది.

పాఠం నున్నగా సాగింది. "ఇప్పుడు ఆ కాల్షియం బయటికి తీసి చూపించండి," అంది వెలరీ.

వాసుదేవరావు నిమ్మకాయ మీద చెయ్యి వేశాడు.

"ప్రొఫ్!" లోగన్ లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది, అరచెయ్యి గుండె మీద ఉంది. బెరిల్ కళ్ళు మూసుకుంది. అంబీ ఆంటీ చేతిసంచిలో కర్పూరం కోసం వెతుకుతోంది.

అప్పుడు అర్థమైంది వాసుదేవరావుకు. పొద్దుటి నుంచి జరిగిందంతా ఒక్కసారిగా. కాయ తీస్తే లోగన్ అక్కడికక్కడే పడిపోతాడు. తియ్యకపోతే ఉద్యోగం పోతుంది. ఇన్నాళ్ళూ పైసా అడగకుండా బండిలో తిప్పిన మనిషి అలా వణుకుతుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

"లోగన్, పొద్దున నేను సగమే చెప్పాను," అన్నాడు, అందరికీ తెలియాలని ఇంగ్లీషులో. "కాయ వస్తే గుండె ముడుచుకుంటుంది, నిజమే. కానీ మళ్ళీ బయటికి పోవాలి. పోతేనే గుండె విచ్చుకుంటుంది. రావాలి, పోవాలి, రావాలి, పోవాలి. కొట్టుకోవడమంటే అదే. కాయ అక్కడే ఉండిపోతే గుండె బిగుసుకుపోతుంది."

లోగన్ కాసేపు లెక్క వేసుకున్నాడు.

"ఐష్! పొద్దుటి నుంచి లోపలే ఉంది కదా!" అని గావుకేక పెట్టాడు. "తియ్యి, ప్రొఫ్! తియ్యి!"

తీశాడు. మెలిక విచ్చుకుంది.

"యమ్మో, పెట్టు!"

పెట్టాడు. మెలిక బిగుసుకుంది.

"తియ్యి! పెట్టు! ఆపకు, మ్యాన్!"

అంబీ ఆంటీ, బెరిల్ జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. "తియ్యి! పెట్టు!" అని ఇద్దరూ చప్పట్లతో తాళం వేస్తుంటే వెనక వరసలో విద్యార్థులు అందుకున్నారు. కమిటీలో ఒకాయన తన నాడి పట్టుకుని సరిచూసుకున్నాడు. గుండె కొట్టుకోవడాన్ని ఇంత బాగా బోధించినవాణ్ణి తన సర్వీసులో చూడలేదంది వెలరీ. పోస్టు పర్మనెంటని అక్కడే చెప్పేసింది.

తిరుగు ప్రయాణంలో వాసుదేవరావుకు ముందు సీటు దక్కింది. ఒళ్ళో తీగ మెలిక, చేతిలో నిమ్మకాయ. తీసి పెడుతుంటే తప్ప లోగన్ గేరు మార్చనన్నాడు. ఇంతటి శుభవార్త విన్న రోజు ఆ మాత్రం కష్టం కష్టమే కాదనుకుని, వెరులం దాకా ఆయన సంతోషంగా తీస్తూ పెడుతూ వెళ్ళాడు.

ఆ రెండో ఉద్యోగం కూడా పర్మనెంటేనని, మర్నాడు ఉదయం లోగన్ నిమ్మకాయతో తలుపు తట్టినప్పుడు తెలిసింది.