నోర్పవారలో సౌనాకి ఎవరూ వెళ్ళరు

“ఈత కొలనుని మేం మూసెయ్యడం లేదు. దాన్ని ప్రతి పౌరుడి మణికట్టు మీదికీ తరలిస్తున్నాం!”

నోర్పవార పురపాలక భవనం మెట్ల మీద నిలబడి మేయర్ అహ్తి పుల్కనెన్ ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. వాటిలో కొన్ని చలికి చేతులు కొంకర్లు పోయి కొట్టినవే అయినా, మర్నాడు పేపర్లో మాత్రం హర్షధ్వానాలు అనే పడింది. మొత్తం ఫిన్లండ్‌లో ఇంత ముందుచూపున్న మేయర్ ఇంకొకరు లేరని ఆయన పార్టీ పత్రిక రాసింది. ఆ పత్రికకి సంపాదకుడు ఆయనే కనక ఆ మాటని శంకించాల్సిన పని లేదు.

మాట ఆయనదే గాని రాసింది కెర్తు. కెర్తు రోయివాస్ మేయర్ గారి ప్రత్యేక సహాయకురాలు. ఊరి ఖజానా కొలనునో, ఏటి ఒడ్డు సౌనానో, ఏదో ఒకదాన్నే పోషించగలదని ఆర్థికాధికారి తోర్స్తి తేల్చి చెప్పినప్పుడు, ఆవిడ మనసు ఎటు మొగ్గిందో ఎవరూ అడగనక్కర్లేకపోయింది. ఆ సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, కోత మిల్లు కూలీలు కట్టుకున్నది. పెద్ద పొయ్యి, దాని మీద గుట్టగా నల్లరాళ్ళు, రాళ్ళ మీద నీళ్ళు చల్లితే గుప్పున లేచే ఆవిరి. సొంత సౌనా లేని ఇరుకు అపార్ట్‌మెంట్లో ఉండే కెర్తు ప్రతి శనివారమూ అక్కడికే వెళ్తుంది. పొయ్యి కాచేది ఆవిడ మేనత్త ఇంపి. వారమంతా మేయర్ కోసం రాసిన మాటలన్నీ అక్కడ చెమటలో కారిపోతే గాని సోమవారం మళ్ళీ కొత్తవి రాయడం ఆవిడ వల్ల కాదు.

అందుకే ఉపన్యాసం కాగితం చేతికిస్తూ ముందే అడిగింది. “కొలను పోతే పోయింది మేయర్ గారూ. సౌనా జోలికి రారు కదా?”

మేయర్ గుండె మీద చెయ్యేసుకున్నారు. “కెర్తూ, నేను బతికుండగా ఆ పొయ్యి ఆరదు.”

రాజకీయాల్లో ఇన్నేళ్ళుండి కూడా కెర్తు ఆ మాట నమ్మింది.

ఇంటింటికీ ఫిట్‌నెస్ బ్యాండులు పంచారు. నిద్రలో గాని స్నానంలో గాని తియ్యకూడదని మేయర్ ఆజ్ఞ. అది గుండె వేగం చూస్తుంది, బద్ధకంగా కూచుంటే చేతి మీద బుర్రుమని వణుకుతుంది, కాస్త కదిలితే శభాష్ అంటుంది. దేశమంతటా జరుగుతున్న ‘చురుకైన పట్టణం’ పోటీలో నోర్పవార తన ఉత్సాహాన్నంతా కూడగట్టుకుని అట్టడుగున నిలిచింది. బయట వాన, వానలో కలిసిన మంచు, కాలు పెడితే చీలమండ దాకా బురద. ఇదివరకు కొలనులో ఈదే ముసలమ్మలు కిటికీ దగ్గర కూచుని కాఫీ తాగుతూ, బ్యాండు వణికినప్పుడల్లా దాన్ని దిండు కింద దోపేవాళ్ళు.

ఊరిని కాపాడింది సౌనాయే. అక్కడ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య ఒక చెక్క గోడ, అది పైకప్పు దాకా పోదు. ఒక శనివారం గోడ అవతల్నించి మేయర్ కేక వినబడింది. సౌనాలో ఒంటి మీద బట్టలుండవు కనక హోదాలూ ఉండవు. అక్కడ అందరూ అందరికీ నువ్వే.

“ఇంపీ! ఈ బ్యాండు నన్ను పరిగెడుతున్నావంటోంది!”

“పరిగెత్తకు నాయనా, కింద తడిగా ఉంది,” అంది ఇంపి ఇవతల్నించి.

“పరిగెత్తడంలేదే! బల్ల మీద చతికిలబడి ఉన్నా!”

“అయితే అది కూడా నీ పార్టీయే.”

కెర్తు తన చెయ్యి చూసుకుంది. వేడికి గుండె దడదడా కొట్టుకుంటూంటే బ్యాండు ఆవిణ్ణీ మెచ్చుకుంటోంది. శభాష్, పరిగెడుతున్నారు, ఆపకండి అని.

ఆ వారం నించి నోర్పవార ప్రజలు వ్యాయామం విడిచిపెట్టింది లేదు. బల్లల మీద ఒకళ్ళనొకళ్ళు ఒత్తుకుంటూ కూచుని, ధారలుగా చెమట కారుస్తూ, బీరు తాగుతూ, సాసేజీలు కాల్చుకు తింటూ పరిగెత్తారు. లేవలేని ముసలివాళ్ళు సైతం పరిగెత్తారు. ఊరి ర్యాంకు ఎగబాకి ఎగబాకి మొదటి స్థానానికి చేరింది. స్వయంగా ఆరోగ్య మంత్రిణి వచ్చి బహుమతి ఇస్తానని కబురు పెట్టారు. మేయర్ పొంగిపోయి, నోర్పవారలో ఏ ఒక్కరూ ఏ ఒక్క క్షణమూ బ్యాండు చేతి నించి తియ్యలేదు అని పేపరుకి ప్రకటన ఇచ్చారు. అదీ కెర్తు రాసిందే.

మంత్రిణి రావడానికి ముందు శనివారం, మేయర్ కోరిక మీద ఇంపి ఇంకో నాలుగు కట్టెలు ఎక్కువేసింది. ఊరంతా చివరి పరుగుకి కూచుంది. ఆ వేడికి ముందు మేయర్ బ్యాండు నల్లబడింది. తర్వాత పక్కవాడిది. కాసేపట్లో గోడకి ఇటూ అటూ ఒక్క బ్యాండూ వెలగలేదు.

సోమవారం కెర్తు కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి గొంతు తియ్యగా ఉంది.

“ఊళ్ళో బ్యాండులన్నీ ఒకేసారి ఆగిపోయాయా మేడమ్?”

“ఒకేసారి.”

“శనివారం సాయంత్రమా?”

“మీకెలా తెలుసు?”

“మాది కూడా ఫిన్లండే మేడమ్. పెట్టెలో చీటీ చదివారా? సౌనాలో వాడితే వారంటీ వర్తించదు. మనిషిని పంపిస్తాం, ఆయన ప్రతి ఒక్కరినీ అడుగుతారు.”

మేయర్ గదిలో అత్యవసర సమావేశం జరిగింది. కాఫీ, దాల్చినచెక్క బన్నులు వచ్చాయి. అవి లేకుండా ఈ దేశంలో ప్రళయం కూడా మొదలవదు.

“ఇందులో ఏముంది? తీసి పక్కన పెట్టి సౌనాకి వెళ్ళాం అందాం,” అన్నారు మేయర్.

“ఎవరూ ఒక్క క్షణం కూడా తియ్యలేదని మీరే పేపర్లో చెప్పారు. కంపెనీవాళ్ళు ఆ ముక్క కత్తిరించి దాచుకున్నారట,” అంది కెర్తు.

“ఎవడు రాశాడది?”

“నేనే.”

మాట్లాడకపోవడంలో ఫిన్లండ్ వాళ్ళని మించినవాళ్ళు లేరు గాని, ఆ రోజు గదిలో మౌనం వాళ్ళకే కాస్త ఎక్కువనిపించింది. వారంటీ లేకపోతే కొత్త బ్యాండులు రావు, బహుమతి చేజారి ప్రచారం అభాసుపాలవుతుంది. అప్పుడు కొలను మళ్ళీ తెరవాలి, కొలను తెరిస్తే సౌనా పోతుంది. కెర్తు తల దించుకుని బన్ను మీది పంచదార పలుకులు గిల్లుతూ అంది.

“బ్యాండు తియ్యలేదు. సౌనాలో పెట్టుకోలేదు. రెండూ నిజం కావాలంటే దారి ఒకటే ఉంది. అసలు సౌనాకే వెళ్ళలేదు.”

తోర్స్తి చేతిలో బన్ను నోటి దగ్గరే ఆగిపోయింది. “ఎవరు?”

“ఎవరూ.”

“ఫిన్లండ్‌లోనా?” అన్నారు మేయర్. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. “కెర్తూ, మా నాన్న పుట్టిందే సౌనాలో.”

“ఆయన్ని వదిలెయ్యండి. ఆయనకి బ్యాండు ఇవ్వలేదు.”

కంపెనీ మనిషి పేరు విల్యమి కార్తో. రెప్పవెయ్యడం కూడా కంపెనీ ఖర్చులో పడుతుందనుకునే రకం. పురపాలక భవనం హాల్లో బల్ల వేసుకుని కూచున్నాడు. అతని ముందు ఊరంతా బారులు తీరింది. మొహాలు కమిలిన టమాటాల్లా ఉన్నాయి. సౌనాలో ఒంటికి కొట్టుకున్న బిర్చి చెట్టు రెమ్మల ఆకులు కొందరి మెడలకి ఇంకా అంటుకునే ఉన్నాయి. హాలంతా కట్టెల పొగ వాసన.

“సౌనాకి వెళ్ళే అలవాటుందా?”

“లేదు,” అంది కెర్తు. అందరికీ ఆదర్శంగా ఉండాలని మొదట తనే నిలబడింది. సంతకం పెడుతూ చేతి మీది బ్యాండు వంక చూసుకుంది. చచ్చిన బ్యాండు ఆ అబద్ధాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత మేనత్త వంతు వచ్చింది.

“మీరేం చేస్తుంటారు?”

“సౌనా కాస్తుంటా బాబూ.”

“సౌనాకి వెళ్తారా?”

“పొయ్యి దాకా వెళ్తా. లోపలికి ఎవరూ రానప్పుడు నేను ఒక్కదాన్నీ వెళ్ళి ఏం చెయ్యను, భయం కూడానూ.”

“మరి ఎవరి కోసం కాస్తున్నారు?”

“ప్రభుత్వోద్యోగం కదా నాయనా. ఎవరి కోసమని అడక్కూడదు.”

విల్యమి తల ఊపి రాసుకున్నాడు. ఆఖరున మేయర్ వచ్చారు. ఆయన ప్రశ్న కోసం ఆగలేదు. ఛాతీ విరుచుకుని, హాలంతా వినబడేలా, సౌనా అంటే ఏమిటో తను పుస్తకాల్లో చదవడమే గాని ఎరగనన్నారు. వెనక ఎవరో ముసలాయన ముక్కు చీదుకున్నాడు. ప్రజల కోసం ఒక నాయకుడు ఇంత పెద్ద త్యాగం చెయ్యడం నోర్పవార అంతకు ముందు చూసి ఎరగదు.

“నా ఉద్యోగంలో ఇంత పొడిగా ఉన్న ఊరు చూడలేదు,” అన్నాడు విల్యమి పెన్ను మూస్తూ.

కొత్త బ్యాండులు వచ్చాయి. మంత్రిణి వచ్చారు, ఊరి ఆరోగ్యాన్ని పొగిడారు, బహుమతి గాజు పళ్ళెం మేయర్ చేతికిచ్చి వెళ్ళారు. కెర్తు హాయిగా ఊపిరి పీల్చుకుంది. తను ఆడిన ఒక్క అబద్ధంతో ప్రచారం గట్టెక్కింది, ఏటి ఒడ్డు పొయ్యి నిలిచింది. శనివారం రాత్రి పై బల్ల మీద కాళ్ళు చాపుకుని కూచుని మేనత్తతో ఈ సంగతంతా చెప్పుకుని నవ్వుకోవాలనుకుంది.

గురువారం పురపాలక సంఘం సమావేశమైంది. తోర్స్తి లేచాడు. అతను చెడ్డవాడు కాడు. చేతికొచ్చిన కాగితాన్ని నమ్మడం తప్ప అతనికి వేరే వ్యసనం లేదు.

“అధ్యక్షా, నోర్పవారలో సౌనాకి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరని పౌరులందరూ ఎవరికివారు సంతకాలు పెట్టి చెప్పారు. ఎవరూ వెళ్ళని సౌనాకి కట్టెలెందుకు? అక్కడ ఉద్యోగి కూడా లోపలికి వెళ్ళడానికి భయపడుతున్నట్టు తెలిసింది.”

కెర్తు మేయర్ వంక చూసింది. మేయర్ హాలు వెనక్కి చూశారు. అక్కడ విల్యమి కార్తో, పక్కన ఒక పెద్ద ఖాళీ పెట్టె పెట్టుకుని కూచున్నాడు. ఏ ఒక్కరు మాట మార్చినా కొత్త బ్యాండులన్నీ అందులో పడతాయి.

“సౌనాకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మనది ప్రజాస్వామ్యం,” అన్నారు మేయర్.

ఎవరూ కదల్లేదు. కెర్తు ఇక ఉండబట్టలేక కుర్చీలోంచి లేవబోయింది. అంతలో చేతి మీది బ్యాండు బుర్రుమంది, శభాష్, లేచారు అని. హాలంతా తిరిగి చూసింది. విల్యమి కూడా చూశాడు. కెర్తు కూచుంది.

“మూసెయ్యాలనేవాళ్ళు?”

చేతులన్నీ లేచాయి. ఒక్కొక్క చేతికీ ఒక్కొక్క కొత్త బ్యాండు మిలమిల్లాడుతూ, ఆ వ్యాయామాన్ని అభినందించింది.

సౌనాలోని సామాను, వాడకంలో లేని వస్తువుల కింద వేలానికి వెళ్ళింది. సౌనా మూసివేత గురించి పత్రికా ప్రకటన రాసే పని కెర్తుది. వారమంతా కూచుని కొట్టేసి రాసి, రాసి కొట్టేసి, ఎలాగో పూర్తి చేసింది. మేయర్ అనుమతి కావాలి. శనివారం, ఆయన ఫోన్ ఎత్తడం లేదు. సరస్సు ఒడ్డున ఆయన కుటీరానికి తనే బస్సెక్కి వెళ్ళింది.

కుటీరం పక్కన కొత్తగా కట్టిన చెక్క గది పొగగొట్టంలోంచి పొగ తీరిగ్గా లేస్తోంది. తలుపు పక్కన గోడకి వరసగా మేకులు. మేకులకి బ్యాండులు వేలాడుతున్నాయి. ఒకటి మేయర్‌ది, దాని మీద పురపాలక ముద్ర ఉంది. ఒకటి తోర్స్తిది. లోపల్నించి విల్యమి కార్తో నవ్వు వినిపించింది. ఆ మనిషికి నవ్వొచ్చన్న సంగతి కెర్తుకి అప్పుడే తెలిసింది.

తలుపు తీసుకుని ఇంపి బయటికొచ్చింది, చేతిలో ఖాళీ నీళ్ళ తొట్టితో. తలుపు సందులోంచి కెర్తు చూసింది. కోత మిల్లు కూలీల పొయ్యి, దాని నల్లరాళ్ళు, అంచున చిన్నప్పుడు తను మోచెయ్యి కాల్చుకున్న ఇనప బద్ద.

“వేలంలో మేయరొక్కడే పాట పాడాడే. పొయ్యితో పాటు నన్నూ రమ్మన్నాడు,” అంది ఇంపి మొహం పక్కకి తిప్పుకుని. “మరేం చెయ్యను పిల్లా, నాకు వచ్చింది ఇదొక్కటే.”

“ఎవరది, కెర్తువా?” అని మేయర్ కేకేశారు లోపల్నించి. “చూశావా, నేను బతికుండగా ఆ పొయ్యి ఆరదన్నానా లేదా? మాటంటే మాటే!”

“మేయర్ గారూ, ప్రకటన...”

“అక్కణ్ణించే చదువు. నిన్నూ లోపలికి రమ్మందును, మా తర్వాత ఆడవాళ్ళ వంతు. కాని నువ్వు సౌనాకి వెళ్ళవని సంతకం పెట్టావు కదా. విల్యమి గారు ఇక్కడే ఉన్నారు, బావుండదు.”

“బావుండదు,” అంది విల్యమి గొంతు.

ఇంపి తొట్టి నింపుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. రాళ్ళ మీద నీళ్ళు పడ్డ చప్పుడూ, హాయిగా మూలిగిన మగగొంతులూ వినిపించాయి. కెర్తు కాగితం విప్పింది.

“సౌనాని మేం మూసెయ్యడం లేదు,” అని చదివింది. తర్వాతి వాక్యం నోట రాలేదు. చలిలో, కదలకుండా, మూసిన తలుపు ముందు నిలబడిపోయింది.

చేతి మీద బ్యాండు బుర్రుమంది. శభాష్, పరిగెడుతున్నారు, ఆపకండి.